మార్చి ఇరవై నాలుగు లేని ఏడు

చేతికి గోధుమ గంజి అంటుకుని ఉంది.
ఎల్డర్‌కోంబ్ చర్చి జ్ఞానస్నానాల చిట్టాలో
పురుగు తొలిచిన చోటల్లా పల్చటి కాగితం అతికిస్తున్నాను.
ఇదీ నా ఉద్యోగం: చిరుగును దాచకుండా చిరుగును ఆపడం.

నూట పన్నెండో పుట. వంకర చేతిరాత.
జెత్రో పౌండ్ అనే కౌలుదారుకి, భార్య హెస్టర్‌కి
కెజయా, ఆడపిల్ల, పుట్టింది మార్చి ఇరవై నాలుగు, 1744.
దాని కిందే, కలం మళ్ళీ సిరాలో ముంచకుండానే,
డార్కస్, ఆడపిల్ల, పుట్టింది మార్చి ఇరవై ఐదు, 1745.

ఏడాది ఎడం పిల్లలే అనుకుని పుట తిప్పబోయాను.
అంచున చీమంత అక్షరాల్లో, ఇద్దరి పక్కనా
ఒకే మాట: కవల.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆ కాలపు ఇంగ్లండు చిట్టాల్లో జనవరి ఒకటిన
ఏదీ మొదలయ్యేది కాదు.
మంచు, మూసిన తలుపులు, ఉప్పు పట్టించిన మాంసం, అంతే.
అంకె మారేది మార్చి ఇరవై ఐదున,
మరియమ్మ ముందు దేవదూత నిలబడి కబురు చెప్పిన రోజున.
క్రిస్మస్ నుంచి వెనక్కి తొమ్మిది నెలలు లెక్కపెట్టి చూడండి.
లోకం నెల తప్పిన రోజది.

దేవదూత వెనకాలే కామందు మనిషీ వచ్చేవాడు.
ఆ రోజే కౌలు కట్టాలి,
కట్టలేనివాడు ఆ రోజే బండి కట్టాలి.

ఇక్కడినుంచి చిట్టాలో లేదు, నేను కల్పిస్తున్నాను.
సామానంతా బండెక్కింది, మంచం తప్ప;
మంచం మీద హెస్టర్ ఉంది.
గుమ్మంలో లాంతరు.
"అర్ధరాత్రి దాటితే ఈ ఇల్లు మీది కాదు."
"ఆ మాట లోపలున్నదానికి చెప్పు,"
అంది మంత్రసాని టామ్సిన్,
"ఒకతి వచ్చేసింది. రెండోదానికి తొందరేం లేదు."
గంట పన్నెండు కొట్టింది.
రెండోది కొత్త సంవత్సరంలో ఏడ్చింది.
లాంతరు మనిషి టోపీ తీసి, చేత్తో తిప్పి తిప్పి,
బయటికెళ్ళి వాళ్ళ గుర్రానికి గడ్డి వేశాడు.
తెల్లారేదాకా ఆ ఇల్లు ఎవరిదని ఎవరూ అడగలేదు.

పిల్లలకి ఆరేళ్ళు నిండేసరికి
పార్లమెంటు పంచాంగం మీద కత్తెర పెట్టింది.
1751, మార్చి ఇరవై ఐదున మొదలై
డిసెంబరుతోనే అయిపోయిన కురచ ఏడు.
అందులో జనవరి లేదు, ఫిబ్రవరి లేదు,
మార్చి ఇరవై నాలుగు లేదు.
డార్కస్‌కి ఆ ఏడు పుట్టినరోజు ఉంది.
"నాకు యాభైలో తేనె రొట్టె పెట్టారు,
మళ్ళీ పెట్టేది యాభై రెండులోనట.
మధ్యది ఎవరు తిన్నారు?"
కెజయా అడిగే ఉంటుంది. అడక్కుండా ఉండే వయసు కాదు.

ఆ వచ్చే సెప్టెంబరులో ఇంకో పదకొండు రోజులు పోయాయి;
రెండున పడుకున్న దేశం పద్నాలుగున లేచింది.
కౌలు మాత్రం ఒక్క పూటా పోగొట్టుకోలేదు.
చాలాచోట్ల గడువు జరిగి జరిగి ఏప్రిల్‌లో కూర్చుంది.
ఇప్పటికీ ఇక్కడి పన్నుల ఏడాది ఏప్రిల్ ఆరున మొదలవుతుంది.
ఎందుకని అడిగితే కౌంటర్లో కుర్రాడు భుజాలెగరేశాడు.
ఆ ఫారం మడతలో ఎక్కడో
దేవదూత ఈక ఒకటి ఇరుక్కుని ఉంది.

ఖననాల చిట్టా వేరే పెట్టెలో ఉంటుంది.
తెరవకుండా ఉండాల్సింది.
కెజయా, 1801 మే, వయసు యాభై ఏడు.
యాభై ఆరే.
ఎవరో గుమాస్తా, చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే,
ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసేసి
ఆమె బతకని ఏడాదిని ఆమెతోనే పాతిపెట్టాడు.
డార్కస్ చదవగలిగితే ఊరుకునేదా?
చెప్పలేను. సంతకం చోట ఎప్పుడూ గుణకారం గుర్తే పెట్టింది.

పెన్సిలు చేతికొచ్చింది. మళ్ళీ డబ్బాలో పెట్టేశాను.
దిద్దడం నా పని కాదు.

ఆ రెండు వరుసల మధ్య ఎడం గోరంత.
పురుగు సరిగ్గా అక్కడే తొలిచింది.
గంజి రాసి, పల్చటి కాగితం పరిచి,
బ్లాటింగ్ పేపరు మీద ఇనప బిళ్ళ పెట్టాను.

ఇవాళ ఇరవై నాలుగు.
ఆరడానికి ఒక రాత్రి పడుతుంది.