నాలుగో కొస

ఆ రోజు మగవాళ్లెవరూ ఊళ్లో లేరు.
కొందరు దక్షిణాఫ్రికా గనుల్లో, భూమి అడుగున.
మిగిలినవాళ్లు మంచు ముంచుకురాకముందే
మందల్ని దింపుకొస్తామని పై కొట్టాలకు పోయారు.
లెసోతోలో జూలై అంటే నడి చలికాలం.
మొఖోట్లాంగ్ కొండల మీద
గుర్రం కూడా అడుగు వేయనంది.

నేను పొయ్యి దగ్గర పడి ఉన్నాను,
సగం నేను, సగం ఎవరో.
ఎడమ చెయ్యి నా పక్కన పరాయిదానిలా పడుకుంది.
నోట్లో నాలుక, తడిసిన ఉన్నిముద్ద.
జొన్నగంజి మాడుతున్న వాసన తెలుస్తోంది,
దించమని చెప్పడానికే మాట లేదు.

నా పెళ్లినాటి కంబళి పరిచి దాని మీదికి దొర్లించారు.
తల దగ్గర కుడివైపు లినెయో.
ఎడమవైపు ఆమె కోడలు కెకెట్సో,
ఆరో నెల, వద్దన్నా వినలేదు.
కాళ్ల దగ్గర పాస్టరుగారి భార్య.
నాలుగో కొస కాసేపు నేల మీదే ఉంది.

తర్వాత ఎవరో వచ్చి దాన్ని పట్టుకున్నారు.
తల తిప్పి చూడలేను. దగ్గు విని గుర్తుపట్టాను.
మాటెబోహో.

ఏడేళ్ల కిందట గురువారం ప్రార్థనలో
ఎర్ర రవికెలు తొడుక్కున్న అందరి ముందూ లేచి
ఆమె కొడుకు నా గొర్రెను దొంగిలించాడన్నాను.
కళ్లు మూసుకుని అన్నాను, అదీ ప్రార్థనే అన్నట్టు.
మంచు కరిగాక గొర్రె వాగు పల్లంలో దొరికింది,
చెవికి నా గుర్తుతో, చచ్చి, చెక్కుచెదరకుండా.
రాత్రికి రాత్రే పాతిపెట్టాను.
ఆ కుర్రాడు తలెత్తుకోలేక గనులకు వెళ్లిపోయాడు.
నేను గురువారం గురువారం పాడుతూనే ఉన్నాను.

కపెర్నహూము సంగతి మా పాస్టరు ఏటా చెబుతాడు.
నలుగురు మోసుకొచ్చారు, గుంపు దారివ్వలేదు,
ఎవరిదో ఇల్లు, కప్పు విప్పి కిందికి దించారు.
ప్రభువు ముందు చూసింది మోసినవాళ్ల నమ్మకాన్నట.
వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.
వాళ్లలో ఒకడికి
ఆ పడుకున్నవాడి మీద పాత కోపం ఉందేమో, అదీ రాయలేదు.
లేచి నడవమనే ముందు, క్షమించానన్నాడు ప్రభువు.
చిన్నప్పుడు మా అమ్మను అడిగేదాన్ని,
పాపం అతనికి ముందు కాళ్లు కదా కావాల్సింది అని.

వాగు దగ్గర రాళ్ల మీద గడ్డకట్టిన మంచు.
కెకెట్సో జారింది, కంబళి ఒరిగింది,
నా కాలు నీళ్లలో పడింది, చల్లగా అనిపించలేదు.
ఆగి, నన్ను దించి, ఊపిరి తీసుకున్నారు.
మాటెబోహో నా మొహం మీదికి వంగింది.
ఏడేళ్లలో మొదటి మాట:
“బాగా ఒళ్లు చేశావే.”
పాస్టరుగారి భార్య నవ్వాపుకోలేక మంచులో చతికిలబడింది.
నాకు కన్నీళ్లు వచ్చాయి, ఒక్క కంట్లోంచే.

క్లినిక్‌లో పదకొండో రోజున ఒక మాట తిరిగొచ్చింది.
ప్రభువా అని కాదు, అమ్మా అని కాదు.
“గొర్రె” అన్నాను.
నర్సు మాంసం అడుగుతున్నాననుకుంది.
మంచం పక్కన ఉన్ని అల్లుతున్న మాటెబోహో
సూదులు ఆపలేదు.
“తెలుసు. ఆ ఏడే మా కుక్క తవ్వింది.”
“గొర్రె” అన్నాను మళ్లీ. ఇంకో మాట లేదు నా దగ్గర.
“తెలుసన్నాగా. పడుకో.”

ఎడమ చెయ్యి ఇంకా లేవలేదు. లేవకపోవచ్చంటున్నారు.
గురువారాలు చేతికర్రతో వెళ్తున్నాను.
ఎర్ర రవికె బొత్తాలు ఆమే పెడుతుంది,
తొందరలో ఒక్కోసారి ఒక కాజా తప్పుతుంది,
నేను సరిచేసుకోను.
మొన్న అందరి ముందూ లేచి గొర్రె సంగతి చెప్పాను.
సగం మాటలు నోట్లోనే చితికిపోయాయి,
వెనక కూర్చున్నవాళ్లకు అర్థం కాలేదనుకుంటా.

ఆమె కొడుక్కి ఇంకా చెప్పలేదు.
గని లోపలికి ఫోను అందదు.
ఆదివారం పైకి వస్తాడట.
నంబరు మాటెబోహో నొక్కి ఇస్తానంది.