గొంతు కొలత

నాజిబ్రోలా పాత గ్యాసు సిలిండరుని పడుకోబెట్టి
నీళ్లు నింపింది, ఒంపేసింది, మళ్లీ నింపింది.
"లోపల ఒక్క గుక్క మిగిలినా
కోతకి ముందే ఇద్దరం పైకి పోతాం" అంది.
నేను టార్చి పట్టుకున్నాను.
ముప్పై ఏళ్లు బళ్లో నదుల పేర్లు చెప్పినవాణ్ణి,
ఇప్పుడు ఈ ఇంట్లో నా ఉద్యోగం టార్చి.

కుతైసిలో లారీల ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున
ఆమె ఇంటికి తెచ్చుకున్నవి రెండే:
వెల్డింగు ముసుగు,
ఎవరి మాటా వినని కుడి చెయ్యి.

మా వైపు చలికాలం అంటే వాన.
కరెంటు వస్తుంది, వచ్చినట్టే వచ్చి పోతుంది.
షెడ్డు వెనక మాత్రం నా నడుమెత్తు గుట్ట,
హేజెల్ గింజల చిప్పలు.
పప్పు ఎక్కడి చాక్లెట్లలోకో వెళ్లిపోతుంది.
చిప్ప మాకు.

లారీ బ్రేకు డ్రమ్ము దానికి గొంతయింది.
ఐదు పైపు ముక్కలు ముక్కులయ్యాయి.
కింద జల్లెడ మా పాత పొయ్యిది.
బూడిద దులపడానికి బస్సు వైపరు మోటారు,
ఎండలో కూడా వానని తుడుస్తున్నట్టే కొట్టుకునేది.

"నిప్పు లేనిదే పొగ రాదు" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
"తిరగెయ్యి" అంది ముసుగు లోపలి నుంచి.
"కట్టె కాలదు మాస్టారూ, కట్టె వదిలిన పొగ కాలుతుంది.
దాన్ని అక్కడే తగలెయ్యనివ్వకుండా
ఎర్రబొగ్గుల మీంచి నడిపించి
చల్లార్చి, వడగట్టి
ఇంజను నోట్లో పెట్టాలి. అంతే."

ఆ 'అంతే'కి మాకు పదకొండు వారాలు పట్టింది.

మొదటిసారి వచ్చింది గ్యాసు కాదు, తారు.
మర్నాటికి జనరేటరు వాల్వులు
బెల్లంపాకంలో ఈగల్లా ఇరుక్కున్నాయి.
పక్కింటి ముర్తాజ్ వచ్చి, విని,
"మా మేకా ఇలాగే దగ్గుతుంది" అని
మా ద్రాక్ష సారా తాగి వెళ్లాడు.

ఆమె డ్రమ్ములో ఇంకో ఉక్కు కడియం బిగించింది.
తొంభై మిల్లీమీటర్లు డెబ్బై అయ్యాయి.
"గొంతు వదులైతే పొగ చల్లటి దోవ వెతుక్కుంటుంది.
ఒక్క పోగు కూడా మంటని తప్పించుకోకూడదు."

ఈసారి మంట అంటుకుంది.
పట్టపగలు కంటికి ఆనని నీలం;
నా ముంజేతి వెంట్రుకలు కమిలాకే నమ్మాను.

అయినా చిప్పలు చిప్పలే.
ఒకదాన్నొకటి పట్టుకుని లోపల వంతెన కట్టేవి.
పైన నిండా తిండి, కింద ఆకలి నిప్పు,
మధ్యలో జానెడు శూన్యం.
నాకు ప్రమోషను వచ్చింది:
ఇరవై నిమిషాలకోసారి కర్రతో తట్టేవాణ్ణి.

ఒక సాయంత్రం వాన ఏటవాలుగా కొట్టింది.
తడుస్తుందని యంత్రాన్ని షెడ్డులోకి లాగి
నేనే తలుపు వేశాను.
వెచ్చగా ఉంది. వాసన లేదు.
కణతల్లో ఎవరో మెల్లగా మేకు దించుతున్నారు.
ఆమె తలుపు తీసి నన్ను చూసి
అడిగింది ఒక్కటే:
"మన వెనక పారే నది పేరేంటి?"

నేను పుట్టింది దాని ఒడ్డున.
ఎగువన ఆనకట్టలో కరెంటు పుట్టించి
మా ఊరిని చీకట్లోనే దాటి సముద్రానికి పోయే నది.
వెయ్యిమంది పిల్లలతో పలికించిన పేరు.
నాలిక దాకా వచ్చింది, రాలేదు.

కాలరు పట్టి వానలోకి ఈడ్చింది.
బురదలో వెల్లకిలా పడి నేను తాగిన గాలి
ఇంకా లెక్క తేలలేదు.

ఇప్పుడది పెరట్లో, పెర్సిమన్ చెట్టు పక్కన,
నాలుగు వైపులా గోడలేని రేకు కింద ఉంటుంది.
రెండు బల్బులు, ఒక రేడియో, వారానికోసారి ఇస్త్రీ.
చిప్పలు తడిస్తే వెలుగు నత్తి కొడుతుంది.

రోజూ ఇంజను ఆపేముందు అడుగుతుంది.
"నది పేరు?"
"ఎంగురి."

ఒక్కోరాత్రి కావాలనే ఆలస్యం చేస్తాను.
అప్పుడామె చేతిలో రెంచి కింద పెట్టి
దగ్గరికొచ్చి
టార్చి నా మొహం మీద వేస్తుంది.