పలకాకు

గడ్డిచేమంతి అనే పేరు
నర్సు చదువుకి వెళ్లాక పుస్తకంలో చూశాను.
అంతవరకూ మా మార్కాపురంలో అది పలకాకే.
రైలుకట్ట వార, గని అంచున, పెంటదిబ్బ మీద
ఎవరూ నాటనిది, ఎవరూ నీళ్లు పోయనిది.
జానెడు కాడ మీద వేలిగోరంత పువ్వు,
పసుపు బొట్టు చుట్టూ నొక్కులు పడ్డ తెల్లరేకులు
ఐదో, ఆరో. ఎప్పుడూ సరిగ్గా లెక్కపెట్టలేదు.

ఉమ్మితో తుడిస్తే చదువు రాదని
బెదిరించేవాడు దస్తగిరి సారు.
అందుకని గోడ పక్కన గుప్పెడు పీకి
పలక మీద రుద్దేవాళ్లం.
వంకరపోయిన 'ణ' ఆకుపచ్చ నురగలో కరిగి
పలక మళ్లీ ఏమీ తెలియనిదయ్యేది.

ఆ పలక ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.
మా నాన్న వెలుగొండయ్య ఉలి పెట్టి కొడితే
రాయి పుస్తకంలా పొర పొర విడిపోయేది.
ఒక్కోసారి వేలు కూడా.

అప్పుడు సువార్తమ్మత్త పరిగెత్తేది కాదు,
వంగేది.
మందు కాళ్ల దగ్గరే ఉండేది.
పిడికెడు దూసి, అరచేతుల్లో నలిపి,
చెంగులో పెట్టి మెలితిప్పితే
చుక్క, చుక్క, చిక్కటి పసరు.
నాన్న "స్స్" అనేవాడు.
"మండితేనే పట్టినట్టు" అనేది.
పిప్పంతా గాయం మీద అద్ది, గుడ్డపీలిక చుట్టి,
"మూడు దినాలు తడపమాక. వంకాయ తినమాక.
ఉలి పట్టమాక అని చెప్పినా ఇనవు గదా."

నాన్న చేతుల మీద అలాంటి మచ్చలు పదకొండు.
కూడికలు నేను వాటి మీదే నేర్చుకున్నాను.

(ఖాసింబీ మటుకు దాన్ని కొబ్బరినూనెలో కాచి
తలకు రాసుకునేది.
డెబ్బై ఏళ్లకీ నల్లటి జడ.
ఆకు మహిమా, రంగు మహిమా అంటే
పొగాకు బుగ్గన తోసి నవ్వేది, అంతే.)

ఇప్పుడు నా దగ్గర ఫ్రిజ్ నిండా టీటీ సూదులు,
దూది, స్పిరిట్, అంటుకునే పట్టీలు.
తెగిన చెయ్యితో వచ్చేవాళ్లు
గుడ్డ కింద పచ్చటి ముద్దని నాకు చూపించరు,
దొంగసొత్తులాగా.
తిట్టను. కడుగుతాను.
"ఆకు మంచిదే, దాంతో వచ్చిన మట్టి మంచిది కాదు"
అని జబ్బకి సూది వేస్తాను.
వాళ్లు వెళ్లాక వేళ్లు వాసన చూసుకుంటాను.
ఒకటో తరగతి వాసన.

నాన్నకి దగ్గు పట్టుకున్న ఏడు
అత్త దంచని ఆకు లేదు.
అడ్డసరం, తులసి, తమలపాకు,
చివరికి పలకాకు కూడా, తేనెలో రంగరించి.
ఒంగోలులో తీసిన ఎక్స్‌రేని
కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.
నల్లటి పలక.
దాని మీద ఎవరో బలపంతో చుక్కలు, చుక్కలు.
"రాతిదుమ్ము" అన్నాడు డాక్టరు.
అత్త చాలాసేపు చూసి,
"పైకి కనబడేదానికే నాకు మందు తెలుసు" అంది.
నాన్న మాత్రం, నవ్వబోయి దగ్గి,
"ఉమ్మితో తుడిచి చూడండే" అన్నాడు.

గని మూతపడింది. గుంటలో నీళ్లు నిలిచాయి.
గట్టున ఆ పువ్వులు తలలూపుతూనే ఉన్నాయి.

నిన్న సువార్తమ్మత్త ఆటో దిగింది.
ఒంట్లో చక్కెర, కాలి మడమ దగ్గర పుండు,
నెల్నాళ్లుగా కడుతున్న పలకాకు.
విప్పాను. కడిగాను. మందు అద్దాను.
"మండుతోందా అత్తా?"

ఆమె కాలి వైపు చూసుకుంది,
అది వేరేవాళ్ల కాలైనట్టు.
"లేదే" అంది.

ఒంగోలుకి చీటీ రాస్తుంటే
నా అక్షరాలు వంకర పోయాయి.