చెక్కబూటు

ఫ్రానేకర్‌లో వాన ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కుతుంది, నాలాగే.
వీట్స్కె మంచం పక్కన తెర తిప్పిపెట్టి
రోజూ అనేదే అంటాను:
"పిడికిలి బిగించండి. వదలండి. మళ్ళీ."
దుప్పటి మీద చెయ్యి కదలదు.
తెర మీద మాత్రం సన్నటి గీత
చీమ కుట్టినట్టు ఉలిక్కిపడుతుంది.

నిన్నటి గీత ఇవాళ్టికి పనికిరాదు.
రాత్రికి రాత్రే లోపల ఏదో వెంట్రుకవాసి జరుగుతుంది.
పొద్దున్నే ఇద్దరం మళ్ళీ ఓనమాల దగ్గర.

ముప్పైయొక్క ఏళ్ళు వంతెన కాపలా ఆవిడది.
పడవ కూత వేస్తే వంతెన ఎత్తి,
గేలపుకర్రకు కట్టిన చెక్కబూటును
నీళ్ళ మీదికి ఊపేది, సుంకం కోసం.
గురి తప్పిన నాణెం కాలవ పాలు.
వాళ్ళాయన డౌవె చెప్పాడీ సంగతి,
చెబుతూ చెయ్యి ఊపి చూపించాడు,
నా కాఫీ ఒలికింది.

ఇప్పుడూ అదే పని.
అక్షరాలు ఒకదాని వెనక ఒకటి తెర దాటిపోతుంటాయి.
కావలసింది ఎదురుగా రాగానే
లేవని పిడికిలి బిగించాలి.
ఒక్కోదానికి నలభై సెకన్లు.
కొన్ని కాలవ పాలు.

యంత్రానికి తొందరెక్కువ.
'నొ' అంటే నొప్పి అంటుంది,
'కృ' అనీ అనకముందే కృతజ్ఞతలు.
మంచాన పడ్డవాళ్ళు ఏం మాట్లాడతారో
దానికి ఎవరో నేర్పారు.
ఎవరో ఏమిటి, నేనే.

గురువారం ఆవిడ 'దా' పట్టుకుంది.
దాహం, అంది యంత్రం. చెరిపింది.
దాహంగా ఉంది. చెరిపింది.
డౌవె పెదాలు తడపడానికి దూది అందుకున్నాడు.
ఆవిడ కళ్ళు అతని చేతిని కసిరాయి.

ఇరవై రెండు నిమిషాలు పట్టింది.
"దాటనివ్వండి వాణ్ణి."

ఎవర్ని?

అప్పుడు విన్నాం.
కిటికీ అవతల ఇసుక పడవ ఒకటి
ఎంతసేపట్నించో కూత వేస్తూనే ఉంది.
వంతెన దగ్గర ఇప్పుడు మనిషి లేడు,
ఎక్కడో పట్నంలో కెమెరా చూసి మీట నొక్కుతారు.
ఆ కెమెరా అద్దం మీద వాన.

డౌవె దూది పారేసి ఫోన్ తీశాడు.
ఫ్రీజియన్‌లో ఎవర్నో తిట్టాడు, చాలాసేపు, హాయిగా.

వంతెన లేచింది.
పడవ వెళుతుంటే
ఈసారి నేనేమీ అడగలేదు,
గీత దానంతటదే
నీళ్ళ మీదికి ఒక్క ఊపు ఊగి
ఖాళీగా వెనక్కి వచ్చింది.

ఫైల్లో దాన్ని 'పొరపాటు' అని రాయాలి.
ఇంకా రాయలేదు.