మూలుగ

పన్నెండేండ్లు నేను ఒర్రిన పేరు అది.
హన్మకొండ బస్టాండ్‌ల ఫుట్‌బోర్డు మీద నిలవడి
ములుగు ములుగు ములుగు ములుగూ...
బడికి పొయ్యే పోరగాండ్లు నా గొంతును ఎక్కిరిచ్చేటోళ్లు.
ఇప్పుడు డాక్టరమ్మ కాయితం మీద బొమ్మ గీసి
"రోగం మూలుగల ఉన్నది స్వరూపా" అంటే
ఏ స్టేజీల దిగాల్నో తెలువని ముసల్దాని తీరుగ
ఆమె మొకం దిక్కే చూసిన.

మొదాలు దమ్ము.
కటాక్షపూర్ మత్తడి రోడ్డు మీదికెక్కిన వానకాలం
నీళ్ల లోతు చూద్దామని బస్సు దిగిన,
మల్ల మూడు మెట్లు ఎక్కలేకపోయిన.
ఆనంక పండ్లు తోముకుంటే నెత్తురు.
ఆనంక టికెట్ మిషన్ పట్టా ఒరుసుకున్న భుజం మీద
నేరేడు పండు చిదిమినట్టు మచ్చ.
"ఎవరన్న కొట్టిండ్రా" అన్నడు మా ఆయన.
పైస పైస లెక్క జెప్పే మనిషిని,
నా ఒంట్ల ఇంత తరుగు వోతున్నదని
ఎన్నడు లెక్క చూసుకోలే.

తుంటి బొక్కల సూది దించిన్నాడు
బోర్లా పండి మంచం పట్టె కరిచి పట్టిన.
తిమ్మిరి మందు తోలుకే పని జేస్తదట,
లోపలికెల్లి గుంజేదానికి మందు లేదట.
ఒక్కటే గుంజుడు.
ఎండిన బాయిల చేద ఏసి
పాదాల కాడికెల్లి తోడినట్టు.
మూలుగ కదిలితే వచ్చేదే మూలుగని
ఆ దినం సమజైంది.

వారానికి నస్రీన్ మేడం కుర్చీ దగ్గరికి జరుపుకున్నది.
నా మెడల కార్డు చూసిందో ఏమో
"మీ డిపో ఎట్లుంటది, చెప్పు" అన్నది.
చెప్పిన. రాత్రంత కడిగి, గాలి నింపి, నట్లు బిగిచ్చి
నాలుగు నలభైకి మొదటి బండి గేటు దాటుతదని.

"బొక్కల నడుమ గూడ గసొంటి డిపోనే.
ఎర్రబస్సులు ఊపిరిని ఊరూరికి మోస్తయి.
తెల్లయి పోలీసు జీపులు.
చిన్నచిన్నయి ఉంటయి, తోవల గుంత వడితే పూడుస్తయి.
కొందరి డిపోల సగం బిగిచ్చిన బండ్లు
బ్రేకుల్లేకుంట గుంపులు గుంపులు రోడ్డెక్కుతయి,
అది క్యాన్సర్.
కొందరియి తయారైతయి గని అన్ని వంకరటింకర,
గేటు దాటకముందే తుక్కు.
నీది అట్ల గాదు.
నీ డిపోల మెకానిక్కులే లేరు.
షెడ్డు నిండ కొవ్వు."

"ఏడికి పోయిండ్రు మేడం?"
"నీ కావలోళ్లే దొంగలనుకొని తరిమిండ్రు.
ఎందుకంటే, నాకూ తెల్వది."
ఆ తెల్వదన్న మాటకే ఆమెను నమ్మిన.

ఎక్కిచ్చిన రక్తం పది పదిహేను దినాలొస్తది.
అద్దె బండ్లు.
ఏ ఊరోళ్లియో, ఏ కులపోళ్లియో,
నా లోపల తిరిగి తిరిగి అరిగిపోతయి.
ఇంక తోడవుట్టినోళ్లది చూడాలన్నరు.
అక్కది కలువలే.
ఐలేశుది కలిసింది, పదికి పది.
ఇరవై గుంటల గెట్టు కాడ
ఐదేండ్ల సంది మాటల్లేని తమ్మునిది.
నేను లేని యాళ్ల చూసుకొని వచ్చి
నమూనా ఇచ్చి పోయిండట.

చిన్నప్పుడు ఐతారం ఐతారం
మూలుగ బొక్క నాకంటే నాకని కొట్టుకునేటోళ్లం.
పళ్లెం అంచుకు టక్కు టక్కున కొట్టి అవ్వ పంచేది.
ఒకపారి వాడు మొత్తం జుర్రుకొని
ఒట్టి గొట్టం నా అన్నంల ఏసి ఉరికిండు.
పొద్దూకిందాక ఏడ్సిన.

నిన్న ములుగు నుంచి దవఖానకు వస్తున్న.
మూతికి మాస్కు ఉండె,
కొత్త కండక్టరమ్మ గుర్తువట్టలే.
జీరో టికెట్ కొట్టి చేతుల వెట్టింది.
నేను చెప్పలే.
ఫోన్ మోగింది.
"అక్కా" అన్నడు.
ఎనుకటి మాటలు ఇంజిన్ మోతల సగమే ఇనవడ్డయి,
ఎన్నడు రావాలె అన్నడో,
బొక్క ఈసారి నీదే అన్నడో.
జాకారం కాడ సిగ్నల్ పోయింది.
మల్లంపల్లి దాక
ఫోన్ చెవికి అట్లనే పెట్టుకున్న.