ఏడు గంటల గడప

తలుపు తీయాకున్నా పర్వాలేదప్పా ఓబులేసూ,
నేను ఈడ గడప మింద కూర్చుంటా.
లోపల నువ్వు మేలుకోనే ఉండావని తెలుసు,
మంచం పట్టెలు మాట్లాడతాండాయి.

నా పేరు బుగ్గయ్య.
తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో
పాలీసు మిషను ముందర పద్నాలుగేండ్లు నిలబడినోణ్ణి.
సదువు లేదు. డాక్టరును కాను.
బుద్ధి చెప్పేకి రాలేదు,
చెప్పొద్దని నాకే రెండు దినాలు ట్రైనింగిచ్చినారు.

చేతులు వణుకుతాంటే
మిషను వణుకనుకుంటి శానా దినాలు.
ఒక ఆదివారం కరెంటు లేదు,
మిషన్లన్నీ నిలిచిపోయినాయి,
చాయ గ్లాసు మాత్రం నిలవలేదు.
సగం నా లుంగీ తాగింది.
నేను నవ్వినా.
నా కూతురు నవ్వలే.

కర్ణాటక పాకెట్టు సంగతి నీకు నేనేం చెప్పల్ల?
పండ్లతో కొరికి ఉమ్మేసే ఆ మూల ముక్క,
మా ఇంటి చుట్టూ అవే.
కోడి ఒకటి మింగి సచ్చింది.
కోడి కోసం ఏడ్సినా గానీ
నా పెండ్లాము యిత్తనానికి దాసిన బుడ్డల మూట
అమ్ముకున్న పొద్దు ఏడవలే.

ఖాసింబీ మా ఇంటికీ వచ్చింది,
ఇట్లే, ఈ యాళకే.
మూడుసార్లు తలుపేసినా.
నాలుగోసారి తిట్టినా.
ఐదోసారి ఆమె తలుపు కొట్టనే లేదు,
అరుగు మింద కూర్చోని బాలింతల లెక్క రాసుకుంటాండె.
కరెంటు పోయింది.
నేనే దీపం తెచ్చి పెట్టినా.
అంతే.
అది దీపమంత పనే. వైద్యమని తెలీదు నాకు.

మా యమ్మ దర్గాలో కట్టించిన తాయెత్తు
తీసేయమంటాదేమో అని చూసినా.
"ఉండనీలే, అది చేతికి, మాత్ర కడుపుకి" అనింది.

రెండో గురువారం అనంతపురం నుంచి
డాక్టరమ్మ వస్తాది.
పిచ్చి డాక్టరంటారు ఊర్లో.
నిద్రెట్ల పడ్తాంది అని అడుగుతాది, అంతే.
నన్ను అంతకుముందు ఎవరూ అడగలే ఆ మాట.

మూడో దినం శానా కష్టమప్పా, అబద్ధం చెప్పను.
గోడ మింద గండుచీమలు, బారులు బారులు.
రాయి తీసుకోని కొట్టినా,
పెచ్చులు లేసె గానీ చీమలు సావలే.
ఒక్క చీమా లేదంట ఆడ.
నన్ను ఆటోలో ఎత్తుకోని ఆసుపత్రికి ఉరికినోళ్లు ఎవరనుకుంటివి?
నాతో తాగినోళ్లే ఇద్దురు, మానినోళ్లు.
అందుకే చెప్తాండా,
ఒక్కనివే బిగబట్టుకోని ఆపేకి చూడొద్దు.
నా ఫోను నంబరు మీ సుంకమ్మ కాడ ఉండాది.

నూటపదకొండు దినాలు బాగుంటి.
నూటపన్నెండో దినం బామ్మర్ది దినాలకు పోయి తాగినా.
గురువారం మీటింగుకు మొగం చెల్లక
ఇస్కూలు గోడెనకాల నిలబడింటే
లోపల్నుంచి ఎవరో అన్న్యారు:
"బుగ్గయ్య యాడ? నీళ్లు తెచ్చేదెవురు?"
పోయినా.
ఎవరూ ఏమీ అడగలే.
బిందె చేతికిచ్చినారు.
బోరింగు కాడ శానాసేపు కొడ్తానే ఉంటి,
నిండినాక కూడా.

సుంకమ్మా, సందులోంచి యింటాండావు గదా.
నీకూ కంటి మింద కునుకు లేదు.
ఆడోళ్లకు శనివారం వేరే ఉంటాది.
ఆడ మొగుని కత చెప్పాలనేం లేదంట,
మొన్న పొద్దంతా టమోటా ధరను తిట్టుకోని
నవ్వుకున్న్యారంట.
నువ్వూ పో, రోంత నవ్వొస్తే మంచిదే.

సరే ఓబులేసూ, పోయొస్తా.
రేపూ వస్తా.
నీ కోసమే అనుకోవాకు.
సరిగ్గా ఏడు గంటలకు
నా కాళ్లు వాటంతట అవే అంగడి దావ పడ్తాయి, ఇప్పటికీ.
ఆ యాళకు నాకూ యాడన్నా ఒక గడప కావల్ల.

రేపటికి రోంత దోమల పొగ మాత్రం పెట్టు.