మిగులు

గుణుపురం మునిసిపాలిటీ గోడకి కాయితం అంటించారు.
ప్రతి అక్షరం నెత్తినా ఒక గొడుగు.
ఒడియా నాకు నోటికొచ్చు, కంటికి రాదు.
చట్నీ చేత్తోనే నిరుపమని పిలిచాను:
చదవవే, ఏటి రాశారో.

"పాఢి సార్ మూడేళ్ళ లెక్క" అంది.
హోల్డింగ్ ట్యాక్స్ పాతబకాయి వసూలు, ఇంత.
సంత వేలం, ఇంత.
కరెంటాఫీసు అప్పు, తీరింది.
ఆఖరి గీత కింద, మందంగా:
మిగులు, నలభై ఒక్క లక్షల చిల్లర.
"మిగులంటే?"
"ఖర్చు పెట్టగా మిగిలింది, అమ్మా."

సార్ మంచోడే. అబద్ధమాడితే కళ్ళు పోతాయి.
రోజూ రెండిడ్లీ, ఒక బరా, పంచదార లేని టీ.
నా ఖాతా పుస్తకంలో ఆయన పేరే లేదు,
అరువు పెడితే కదా.
రైసుమిల్లు ఆసామి పదేళ్ళ పన్ను ఎగ్గొడితే
గేటుకి లక్కసీలు వేసి
ఆ గేటు ముందే కుర్చీ వేసుక్కూచుని
ఫైళ్ళు చూసుకున్నాడు.
ఊరంతా చూడ్డానికొచ్చింది.
ఆ పొద్దు నా బరాలు తొమ్మిదింటికే అయిపోయాయి.

తరవాత ఊడ్చేవాళ్ళ పట్టీ తీశాడు.
పద్నాలుగు పేర్లు కొట్టేశాడు:
చచ్చిపోయినోళ్ళు, సూరత్ వెళ్ళిపోయినోళ్ళు,
ఏ తల్లి కడుపునా పుట్టకుండా
ఎనిమిదేళ్ళు జీతం తీసుకున్నోడొకడు.
భేష్ అన్నాం.
పద్నాలుగో పేరు రెల్లివీధి దాలమ్మ.
పేరు కొట్టేసిన గంటకి
ఆవిడ నా బల్ల ముందే చీపురానించి టీ తాగుతోంది.
కాయితంలో చచ్చిన మనిషి
బతికున్నట్టు కాయితం తేవడానికి ఏడు నెలలు తిరిగింది.
ఆ ఏడు నెలల జీతం కూడా
మిగుల్లోనే ఉంటుంది కదా, నిరుపమా?
ఏ గడిలో ఉందో చూడు.

వంశధార ఊరి పక్కనే పారుతుంది.
కొళాయి మాత్రం రోజు విడిచి రోజు,
వైశాఖంలో నాలుగు రోజులకొకసారి.
పొయ్యి వెనక గోడమీద బొగ్గుతో నేనూ లెక్క రాశాను:
నీళ్ళొచ్చిన రోజు నిలువు గీత,
రాని రోజు అడ్డగీత.
గోడ ఇప్పుడు ఈతచాపలా ఉంది.

ఒకసారి టీ గ్లాసు అందిస్తూ అడిగాను:
బాబూ, ట్యాంకరెందుకు మానిపించారు?
"డీజిల్ దొంగతనం, మావుసీ" అన్నాడు.
నిజమే. డ్రైవరు డబ్బాల్లో అమ్మేవాడు.
రెండుసార్లు నేనూ కొన్నాను, స్టవ్వుకి.
సార్‌కి ఆ మాట చెప్పలేదు.
దొంగని పట్టుకున్నాడు.
దొంగతో పాటు నీళ్ళూ ఆగిపోయాయి.

మా ఇంటాయన పోయిన ఏడాది నేనూ మిగిల్చాను.
రాత్రి పొయ్యి వెలిగించకపోతే,
పిల్లకి పాలు మానిపిస్తే,
పోపుడబ్బాలో చిల్లర గలగలమంది.
ఎంత పొదుపమ్మా, అన్నారు చుట్టాలు.
వండకపోతే ఏ ఇంట్లోనైనా మిగులే.
నిరుపమ జబ్బలు చూసిన నర్సమ్మ
ఇంకో లెక్క చెప్పింది.

నిన్న బొలాంగీర్ బదిలీ మీద వెళ్ళిపోయాడు సార్.
బ్యాగొకటి, గొడుగొకటి, దండలు వద్దన్నాడట.
ఆఖరి టీకి ఇచ్చిన నోటుకి
రెండు రూపాయలు తిరిగివ్వాలి, నా దగ్గర లేవు.
"ఉంచండి" అని బస్సెక్కేశాడు.
మొదటిసారి ఆయన పేరు పుస్తకంలో రాసుకున్నాను:
పాఢి సార్, నేనివ్వాల్సింది, రెండు.
ఆ పక్క గడిలో
ఆయన మాకివ్వాల్సింది రాద్దామని
పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూచున్నాను.
రైసుమిల్లు గుర్తొచ్చింది. బిందెలు గుర్తొచ్చాయి.
ఇంతలో ఎవరో ఉప్మా అడిగారు.

కాయితం ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది.
దాని కింద ఊడుస్తున్న దాలమ్మ నడుం నిలబెట్టి
"పాపా, ఇందులో నా పేరేమైనా ఉందేటి?" అంది.
నిరుపమ వేలు పెట్టి
మళ్ళీ పైనుంచి చదవడం మొదలెట్టింది.